ఏం గీస్తున్నారో చూడొచ్చా?

పోయిన నెల రాజమండ్రి నుంచి పగటి బండిలో వస్తున్నాను. కిటికీ పక్క సీట్లో ఇరవై ఏళ్ల అమ్మాయి. గోదావరి దాటి కొవ్వూరు వచ్చాక బ్యాగులోంచి అరచేతికంటే కాస్త పెద్ద పుస్తకం ఒకటి, నల్ల పెన్ను ఒకటి తీసింది. ఎదురు సీట్లో నోరు తెరిచి నిద్రపోతున్న పెద్దాయన వైపు ఒకసారి, పుస్తకంలోకి ఒకసారి చూస్తూ గీయడం మొదలుపెట్టింది. నేను అటు తల తిప్పాను, అంతే. టపీమని పుస్తకం మూసేసింది. "ఏం గీస్తున్నావమ్మా, చూడొచ్చా?" అన్నాను. "ఊరికే ఆంటీ, ఏం లేదు" అని పుస్తకాన్ని బ్యాగులో పడేసి జిప్పు లాగేసింది. ఏలూరు పోయింది, విజయవాడ పోయింది, ఆ జిప్పు మళ్లీ తెరుచుకోలేదు.

కోపమేం రాలేదు, సిగ్గేసింది. గీస్తున్న మనిషి చేతిలోంచి పెన్ను లాక్కున్నట్టనిపించింది. ఆ జిప్పు చప్పుడు నాకు కొత్త కాదు. పదకొండేళ్లు నేనూ అలాగే లాగాను. "నేనూ గీస్తానమ్మా" అని నా డైరీ తీసి ఆమె ఒళ్లో పెడితే సరిపోయేది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడగని మనిషికి చూపించడం ఏం బాగుంటుంది అనుకున్నాను. దిగేదాకా ఇద్దరం కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాం. బ్యాగుల్లో పుస్తకాలు బ్యాగుల్లోనే ఉన్నాయి.

బయట కూర్చుని బొమ్మ గీయాలంటే వచ్చే ఈ టెన్షన్‌కి యూట్యూబ్ నిండా చిట్కాలున్నాయి. గోడకి వీపు ఆనించి కూర్చోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, పాట లేకపోయినా ఫర్వాలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. చిన్న పుస్తకం వాడండి, ఎవరైనా వస్తే ఏదైనా రాసుకుంటున్నట్టు నటించండి. వీటన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇంకొకటుంది. నిజానికి మిమ్మల్ని ఎవరూ చూడట్లేదు, అదంతా మీ భ్రమ అని.

ఆ మాట గాల్లోంచి వచ్చింది కాదు. 2000లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన థామస్ గిలోవిచ్, ఆయన తోటివాళ్లు ఒక పరిశోధన ప్రచురించారు. వేసుకోవడానికి నామోషీగా ఉండే టీ షర్టు, దాని మీద ఓ గాయకుడి పెద్ద ముఖం. దాన్ని ఒక్కో స్టూడెంటుకి తొడిగి, మిగతా స్టూడెంట్లు కూర్చున్న గదిలోకి పంపారు. నీ చొక్కా మీద ఉన్నది ఎవరో ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, వేసుకున్నవాళ్లు దాదాపు సగం మంది అన్నారు. నిజంగా గమనించినవాళ్లు పావు వంతు. దీన్నే స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అంటున్నారు.

పరిశోధన మీద నాకు గౌరవమే. కాని ఆ టీ షర్టు పిల్లాడు కోఠి బస్టాపులో స్కెచ్‌బుక్ తెరుచుకుని కూర్చోలేదు. నేను కూర్చున్నాను. ఒక ఆదివారం గంటసేపట్లో ఎంతమంది ఆగి చూశారో పేజీ మూలన గీతలు పెట్టి లెక్కేశాను. (లెక్కలు రాయడమే నా ఉద్యోగం, ఆదివారమైనా అలవాటు పోదు.) 17 మంది. నలుగురు పలకరించారు. ఒకాయనైతే బొమ్మ ఎంతవరకు వస్తుందో చూద్దామని ఎక్కాల్సిన బస్సు వదిలేసుకున్నాడు.

మన దగ్గర చూస్తారండీ. మెడ చాచి చూస్తారు, వెనక నిలబడి చూస్తారు, చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని మరీ చూపిస్తారు. ఎవరూ చూడరన్న ధైర్యంతో బయల్దేరితే, మొదటి మనిషి ఆగగానే ఆ ధైర్యం ఊడి కింద పడుతుంది. చూస్తారని ముందే ఒప్పుకుని, చూడనివ్వడానికి సిద్ధపడి వెళ్తేనే ఈ భయం తగ్గుతుందని నా అభిప్రాయం. ఇంకో మాట కూడా అంటాను. చూడనివ్వడం మనం వాళ్లకి పడిన బాకీ. అక్కడ కూర్చుని ఊరందరినీ కళ్లార్పకుండా చూస్తున్నది మనమే కదా.

మందార పువ్వు నిలువుకోత

నా భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. తొమ్మిదో తరగతి సైన్సు రికార్డులో. మందార పువ్వు నిలువుకోత, కప్ప జీర్ణవ్యవస్థ, ఉల్లిపొర కణాలు. నా బొమ్మలు బాగుంటాయని క్లాసులో సగం రికార్డులు నా దగ్గరికే వచ్చేవి. పెన్సిలు ములుకు సూదిలా చెక్కాలి. గీత ఒక్క ఊపులో రావాలి, గీత మీద గీత పడకూడదు. భాగాల పేర్లన్నీ కుడివైపే ఉండాలి, వాటికి గీతలు స్కేలుతో కొట్టాలి. ఎక్కడైనా గీత రెండుసార్లు వేసినట్టు కనిపిస్తే టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. నాకు పదికి తొమ్మిదిన్నర వచ్చింది. ఆ అర మార్కు ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు.

బొమ్మ గీసేది ఎవరో దిద్దడానికే అని అప్పుడే చేతికి అలవాటైపోయింది. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి స్కూలువాళ్లు తీసుకెళ్లినప్పుడూ అంతే. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి ఇంత పని చేశాడని చెబుతుంటే ఫ్రేముల ముందు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డాం. ఆ కుర్రాడు కూడా ఎక్కడో ఒక గట్టు మీద కూర్చుని గీస్తుంటే ఎవరో ఒకరు వచ్చి "ఏం బాబూ, ఏం గీస్తున్నావ్?" అని అడిగే ఉంటారని నాకు తట్టనే లేదు. పూర్తయిన బొమ్మలే చూశాం. వాటికి ముందు ఎన్ని గీతలు చెత్తబుట్టలోకి పోయి ఉంటాయో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పటి పిల్లలకి ఆ గ్యాలరీ ఫోన్లోకి వచ్చేసింది. ఇన్‌స్టాలో స్కెచ్‌బుక్ టూర్ అని వస్తుంటాయి. ఒక చెయ్యి పేజీలు తిప్పుతూ పోతుంది. ఏ పేజీ చూసినా పెళ్లి శుభలేఖలా ఉంటుంది. పాడైన పేజీ ఒక్కటి కనిపించదు, చింపేసిన అంచైనా కనిపించదు. నాకూ చూడ్డం ఇష్టమే, గంటలు గంటలు చూస్తాను. చూసిన రోజున మాత్రం గీయలేను.

పట్టుచీరల కింద పుస్తకం

ఒకసారి శిల్పారామంలో చేత్తో చేసిన కాగితం పుస్తకం కొన్నాను. అట్ట మీద కలంకారీ గుడ్డ, కట్టుకోవడానికి నూలు తాడు. ఆరేళ్లు బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. మొదటి పేజీలో ఏం గీయాలో తేలలేదు మరి. మొదటి పేజీ కదా, మంచిది పడాలి. చార్మినార్ గీద్దామా అంటే మరీ అందరూ గీసేదే. అమ్మ ముఖం గీద్దామంటే పోలిక రాకపోతే? చివరికి మా అమ్మాయి ఇంటర్ పరీక్షలప్పుడు రఫ్ నోట్సు అయిపోయిందని అందులో కెమిస్ట్రీ సమీకరణాలు రాసి పడేసింది. తిట్టాను గాని, నిజం చెప్పాలంటే ప్రాణం హాయిగా అనిపించింది. ఇక దాన్ని పాడుచేసే పని నాకు లేదు.

ఆ తరవాత పాత డైరీలు పట్టుకున్నాను. ఏటా జనవరిలో బ్యాంకులవాళ్లూ ఇన్సూరెన్సువాళ్లూ ఇచ్చేవి మా ఇంట్లో అరడజను పోగవుతాయి. నిరుటి డైరీకంటే పనికిరాని కాగితం ఇంట్లో ఇంకోటి ఉండదు, దానికి అంతకంటే పాడయ్యేదీ ఏమీ లేదు. పైన తేదీ, వారం, కింద గీతలు. ఆ గీతల మీదే గీయడం మొదలుపెట్టాను, నాన్న వాడిన రత్నం పెన్నుతో. మా ఊరు రాజమండ్రిలో చేసే పెన్ను. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు బాడీ, పాళీ ఉన్న ముందు భాగం తిప్పి తీసి ఫిల్లర్‌తో సిరా పోసుకోవాలి. డైరీ కాగితం మరీ పల్చన, మంగళవారం గీసిన చెట్టు బుధవారంలోకి ఇంకిపోతుంది. మొదట్లో విసుక్కునేదాన్ని. తరవాత బుధవారం పేజీ తిప్పగానే కనిపించే మరకల చుట్టూ గీయడం అలవాటైంది. ఒకసారి వేపచెట్టు ఆకుల మరకలు మేకల మందైపోయాయి, కాళ్లూ కొమ్ములూ తగిలించానంతే.

ఆ సిరా నీళ్లకి కరుగుతుంది. వేలు నాలుక మీద తడి చేసుకుని గీత మీద రాస్తే లేత నీలం నీడ వస్తుంది. బ్రష్షు, రంగుల డబ్బా, నీళ్ల సీసా మోసుకెళ్లక్కర్లేదు. పెదవి మీద నీలం మరకతో ఆఫీసుకి వెళ్లిన రోజులున్నాయి, అది వేరే సంగతి.

రబ్బరు ముట్టుకోకూడదన్నది నాకున్న ఒకే ఒక్క పట్టుదల. ఇందులో నాకు లియొనార్డో డావిన్సీ తోడున్నాడు. కుర్ర చిత్రకారులకి ఆయన రాసిన సలహాల్లో ఇదీ ఒకటి. చిన్న పుస్తకం ఒకటి వెంట పెట్టుకుని తిరగండి, వీధిలో జనం మాట్లాడుకునేప్పుడూ పోట్లాడుకునేప్పుడూ ఎలా నిలబడతారో నాలుగు గీతల్లో పట్టుకోండి, కాగితం మాత్రం చెరపడానికి వీల్లేకుండా పూత పూసినది వాడండి, నిండాక దాచిపెట్టి ఇంకోటి తీసుకోండి అన్నాడు. మనుషుల కదలికలు అంతులేనన్ని, అవి గుర్తుండవు కాబట్టి ప్రతిదీ దాచుకోవాలని ఆయన ఉద్దేశం. నా ఉద్దేశం అంత పెద్దది కాదు. రబ్బరు చేతిలో ఉంటే నా పుస్తకం మళ్లీ సైన్సు రికార్డైపోతుంది.

ఫైన్ ఆర్ట్స్ చదివిన ఒక స్నేహితురాలు దీనికి అడ్డం తిరిగింది. "చెత్త కాగితం మీద గీస్తే చెత్తగానే అలవాటవుతుందే. మంచి కాగితం పెన్నుని పట్టి ఆపుతుంది, అదే నీకు నేర్పుతుంది" అంది. కాదనలేను. ఆ డైరీ మీద నీటిరంగు వేస్తే కాగితం అప్పడంలా లేస్తుంది. ఆవిడ ఇచ్చిన 300 జీఎస్ఎమ్ మందపాటి కాగితం మీద రంగు వేసిన రోజున, ఇన్నేళ్లూ నా చేతిదనుకున్న తప్పులో సగం కాగితానిదని తెలిసింది. ఇప్పుడు ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. బయటికి వెళ్లేప్పుడు మాత్రం చెయ్యి డైరీ మీదికే పోతుంది. ఎవరైనా "చూడొచ్చా?" అంటే మొత్తం పుస్తకం చేతికిచ్చేయగలను, ఏ పేజీ తిప్పినా నాకు పోయేదేం లేదు. ఖరీదైన పుస్తకాన్ని అలా ఇవ్వలేను. అందుకే బయట గీయడానికి భయపడేవాళ్లకి ముందు పుస్తకం మార్చమంటాను, చోటు తరవాత చూసుకోవచ్చు.

కమాను ముక్కు

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే లాడ్ బజారు మొదట్లో, ఇంకా షట్టరు తీయని కొట్టు మెట్టు మీద కూర్చుని చార్మినార్ గీస్తున్నాను. కమాను అయింది, దాని పైన 1889లో పెట్టిన గడియారం అయింది, మీనారు ఒకటి కొంచెం ఒరిగింది. వెనక నుంచి గొంతు వినిపించింది. "గట్ల కాదు మేడం."

తిరిగి చూస్తే ఒక పెద్దాయన. చేతిలో సిమెంటు మరకల సంచి, అందులోంచి తాపీ పిడి బయటికి కనిపిస్తోంది. పాలమూరు దిక్కు నుంచి వచ్చాడట, తాపీ మేస్త్రి. "కమాను గుండ్రంగ తిప్పిండ్రు. పైన ముక్కు ఉంటది, చూడుండ్రి."

చూశాను. ఉంది. 1591 నుంచి అక్కడే ఉంది. ఫోటోల్లో, సినిమాల్లో, బిస్కెట్ డబ్బాల మీద నలభై ఏళ్లుగా చూస్తున్న కమానుని, కళ్లెదుట పెట్టుకుని కూడా గుండ్రంగా గీశాను. ఆయన నా పక్కన గొంతుకూర్చున్నాడు. "ఇటుకెల్లి ఒక వంపు వస్తది, అటుకెల్లి ఒకటి వస్తది. రెండు కలిసిన కాడ ముక్కు. ఒక్క మేకు కొట్టి తాడు తిప్పితే గుండ్రం అయితది. దీనికి రెండు మేకులు కొట్టాలె" అని చూపుడువేలితో గాల్లో గీసి చూపించాడు. నేను పాత గీత మీదే కొత్త గీత వేశాను. మా సైన్సు టీచరుంటే ఎర్ర సున్నా పడేది. ఆయన మాత్రం తల ఊపి, "ఇగ మంచిగుంది" అని సంచి అందుకుని పోయాడు.

నల్ల కళ్లద్దాలు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంటే ఆయన ఆ మాట అనేవాడు కాదు, నా కమాను గుండ్రంగానే ఉండిపోయేది. అలాగని ఆగినవాళ్లందరూ మేస్త్రిలే ఉంటారనుకోకండి. మామూలుగా వచ్చే ప్రశ్నలు మూడే. మీరు ఆర్టిస్టా? ఎంతకి అమ్ముతారు? మా తమ్ముడి కూతురు కూడా భలే వేస్తుందండీ. ఈ రెండు రాష్ట్రాల్లో బొమ్మలు వేయని తమ్ముడి కూతురు లేదని నాకు నమ్మకం కుదిరింది. ఇన్నేళ్లలో బాగాలేదని ముఖం మీద అన్న పెద్దవాళ్లు ఎవరూ లేరు. ఒక పిల్లాడు మాత్రం వేలు పెట్టి "ఇది ఆవా?" అని అడిగాడు. అది ఆటో.

గుంపుగా వెళ్తే భయం ఉండదు కదా అంటారు. 2007లో సియాటిల్‌లో గాబ్రియేల్ కాంపనారియో అనే జర్నలిస్టు మొదలుపెట్టిన, ఊళ్లో కలిసి తిరిగి గీసేవాళ్ల సంఘం అర్బన్ స్కెచర్స్ ఇవాళ ఎన్నో దేశాల్లో ఉంది. హైదరాబాద్‌లోనూ అలా కలిసి వెళ్లి గీసేవాళ్లున్నారు. నేనూ రెండుసార్లు గుంపులో వెళ్లాను. చాలా హాయిగా గడిచింది. కాని ఇరవై మంది మడత స్టూళ్లేసుకుని కూర్చుంటే దారినపోయేవాళ్లు "ఏదన్నా కాంపిటీషనా?" అని మా మానాన మమ్మల్ని వదిలేసి పక్కనుంచి పోయారు. మొదటి నాలుగుసార్లకి గుంపు మంచిదే. ఆ తరవాత అదీ ఒక రకం ఇయర్‌ఫోనే.

మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే చోటు ఇరానీ హోటల్. ఒక చాయ్‌కి అరగంట కుర్చీ మీది. పాలరాతి బల్ల మీద పుస్తకం జారదు, గోడకి అద్దం ఉంటే వెనక కూర్చున్నవాళ్లని అందులో చూసి గీయొచ్చు. సర్వర్ చూపు ఖాళీ కప్పు మీదే ఉంటుంది. అక్కడ మాత్రం కార్నెల్ వాళ్ల లెక్క సరిపోతుంది.

తల కింద చెప్పులు

గీసేవాళ్ల భయం గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. అవతల గీయించుకుంటున్నవాళ్ల సంగతేమిటన్నది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న. వాళ్లనెవరూ అడగలేదు కదా.

సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒకాయన తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు. పక్కన మూటలు, మూటల దగ్గర భార్య. ఆయన్ని గీస్తున్నాను. పాదాలు బాగా వచ్చాయని సంబరపడుతున్నాను కూడా. ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చింది. "మా ఆయన్నేనా?"

చెయ్యి జిప్పు కోసం వెతికింది. అయినా పుస్తకం ఆవిడ చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. "చెప్పులు వెయ్యలేదేం?" అంది.

"కాళ్లకి లేవు కదమ్మా."

"తల కింద పెట్టుకున్నాడు, ఎవరన్నా పట్టుకుపోతారని."

అప్పుడు కనిపించాయి. చుట్ట చుట్టిన దుప్పటి కిందనుంచి నీలం రబ్బరు పట్టీ ఒక అంగుళం బయటికి వచ్చి ఉంది. అరగంటగా చూస్తున్నాను ఆ మనిషిని. ప్లాట్‌ఫాం మీద పడుకున్న పేదవాడు, కాళ్లకి చెప్పుల్లేవు అని నా మనసు ముందే ఒక బొమ్మ గీసి పెట్టుకుంది, చెయ్యి దాన్ని దింపుకుంటూ పోయింది. ఆవిడ అక్కడే నిలబడి చెప్పులు వేయించింది. పట్టీ రంగు నీలమే కాబట్టి నా సిరా సరిపోయింది. పుస్తకం తిరిగి ఇస్తూ "ఫోన్లో పెట్టకమ్మా" అంది. పెట్టలేదు. అప్పటి నుంచి మనుషులున్న పేజీ ఏదీ పెట్టడం లేదు.

రైతుబజారులో ఇంకొకావిడైతే మొదటి గీతకే పట్టేసింది. "నన్ను గియ్యకమ్మా, దిష్టి తగుల్తుంది. వంకాయలు గీసుకో, వాటికి తగిలినా ఫర్లేదు, సాయంత్రానికి అయిపోతాయి." వంకాయలు గీశాను. ఇంటికి అరకిలో కొనక తప్పలేదు.

ముందే అడిగి గీయొచ్చు కదా అంటారు. అడిగి చూశాను. అడగ్గానే మనిషి పాస్‌పోర్ట్ ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు, నేను చూసిన వంపు, ఆ చెయ్యి వేసుకున్న తీరు మాయమైపోతాయి. అందుకని గీసి, తరవాత చూపిస్తాను. వద్దంటే పేజీ చింపి వాళ్ల చేతికే ఇస్తాను. గీశాక చూపించడమూ గీసేముందు అడగడమూ ఒకటి కావని నాకు తెలుసు. దీనికి నా దగ్గర ఇంతకంటే మంచి దారి లేదు.

ఒక షాపింగ్ మాల్‌లో సెక్యూరిటీ అతను నా దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా, "ఫోటో తీసుకోండి మేడం, బొమ్మ గీయడానికి పర్మిషన్ లేదు" అన్నాడు. చుట్టూ వందల ఫోన్లు టకటకమంటున్నాయి. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పి పడీపడీ నవ్వాను. రాత్రి పడుకున్నాక అనిపించింది, అతనికి తెలిసినంత కూడా నాకు తెలీదేమోనని. ఫోటో తీసినవాడు క్షణంలో పోతాడు. ఇరవై నిమిషాలు ఒకేచోట కూర్చుని ఒకేవైపు చూసే మనిషిని ఎవరైనా అనుమానించాల్సిందే. నేను చేసేది అదే.

గోడ సంగతి

ఇంతసేపూ చూడనివ్వండి, చూడనివ్వండి అని రాస్తూ వచ్చాను. నా మాట నాకే చెల్లని రోజు ఒకటుంది. ఒక పార్కులో బెంచీ మీద గీస్తుంటే వెనక ఎవరో నిలబడ్డారు. ఊపిరి మెడకి తగిలేంత దగ్గర. పక్కకి జరిగాను, అతనూ జరిగాడు. తరవాత ఫోన్ తీసి ముందు పుస్తకాన్ని, ఆ తరవాత నా ముఖాన్ని వీడియో తీయడం మొదలుపెట్టాడు. పుస్తకం మూసి, పెన్ను మూత కూడా పెట్టకుండా లేచి వచ్చేశాను. బ్యాగంతా సిరా.

కాబట్టి గోడకి వీపు ఆనించుకోమన్న సలహాని మొదట్లో వెక్కిరించినందుకు కొంత వెనక్కి తీసుకుంటున్నాను. సిగ్గుకి గోడ అక్కర్లేదు, ఆడవాళ్లకి మాత్రం కావాలి. నాతో గీసే మగ స్నేహితులెవరికీ ఈ గోడ సంగతి ఎప్పుడూ గుర్తే రాలేదట. బొమ్మని చూసే చూపు వేరు, మనిషిని చూసే చూపు వేరు. రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. ఆ చూపు నుంచి దాక్కుంటే అది పిరికితనం అనిపించుకోదు.

ఇది రాస్తుంటే బండిలో అమ్మాయి మళ్లీ గుర్తొస్తోంది. ఆమె జిప్పుని నా జిప్పు లాంటిదే అనుకున్నాను. ఆమెకి ఎవరు ఎక్కడ ఎలా తారసపడ్డారో నాకేం తెలుసు? భయపడకమ్మా అని సలహా ఇవ్వకపోవడమే మంచిదైంది. డైరీ మాత్రం తీసి ఉండాల్సింది.

మా వీధి

ఇంకొకటి చెప్పకపోతే ఈ రాసిందంతా గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది. కోఠిలో, స్టేషన్లో, గోదావరి రేవులో ఎవరైనా చూడనీ, నాకిప్పుడు చెయ్యి ఆగదు. మా అపార్ట్‌మెంటు ముందు మాత్రం గీయలేను. పరాయివాళ్ల చూపు అలవాటైంది గాని తెలిసినవాళ్లది కాలేదు. ఒకసారి మెట్ల మీద కూర్చుని వాచ్‌మన్ వాళ్ల పాప ముగ్గు వేస్తుంటే గీశాను. రెండో అంతస్తు ఆవిడ చూసి "మీలో ఇంత టాలెంటుందని చెప్పనేలేదేంటండీ" అంది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో పడింది. ఆ వారంలోనే ఒకరు వాళ్లబ్బాయి పుట్టినరోజుకి బొమ్మ వేసిమ్మన్నారు, ఇంకొకరు వాళ్లమ్మాయికి డ్రాయింగ్ ట్యూషన్ చెబుతారా అన్నారు. పదికి తొమ్మిదిన్నర మళ్లీ వచ్చి కూర్చుంది.

అందుకని మా వీధిని గీయాలనిపిస్తే తెల్లారుజామున 5:30కి డైరీ, పెన్ను పట్టుకుని కిందికి దిగుతాను. ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి పక్కన నిలబడి గీస్తాను. ఆ వేళకి పాలబ్బాయి తప్ప ఎవరూ ఉండరు. మొన్న సైకిలు ఆపి, క్రేటు మీద చెయ్యి పెట్టుకుని పుస్తకంలోకి తొంగి చూశాడు. మా బిల్డింగే అని గుర్తుపట్టాడు. కింది అంతస్తు నుంచి ఒక్కో కిటికీ వేలితో లెక్కపెట్టాడు. ఒక పాకెట్ వాళ్లు, రెండు పాకెట్ల వాళ్లు, ఊరెళ్లినవాళ్లు అని వరసగా చెప్పుకుంటూ పోయాడు.

"ఇందులో మీ ఇల్లేది ఆంటీ?"

"అక్కడిదాకా ఇంకా రాలేదు బాబూ" అన్నాను.

నా పాకెట్లు రెండూ గేటుకి తగిలించిన సంచిలో వేసి వెళ్లిపోయాడు.